ఇంకా ట్రెయిల్ నాలుగో రోజు: అపోహలు - వాస్తవాలు

పెరూలోని ఇంకా ట్రెయిల్‌కు, అంటే ఇంకా రాజుల కాలం నాటి కొండదారికి, హైదరాబాద్ నుంచి బృందాలను తీసుకెళ్తుంటాను. ఆ పేరు పుణ్యమా అని "ఇంకా ఎంత దూరం?" అనే జోకు ప్రతిసారీ వినాల్సిందే. దారి చివర ఉన్న పాత ఇంకా నగరం మాచు పిచ్చు చేరేది నాలుగో రోజున కాబట్టి అందరి ప్రశ్నలూ దాని గురించే.

అపోహ: మూడింటికి లేపేది సూర్యోదయం చూపించడానికి.

వాస్తవం: లేపేది పోర్టర్ల రైలు కోసం. విన్యాయ్ వైనా క్యాంపులో మన టెంట్లు, గిన్నెలు, గ్యాస్ అన్నీ సర్దుకుని వాళ్లు కొండ దిగి పొద్దుటి రైలు అందుకోవాలి. అందుకే మనల్ని ముందే ఖాళీ చేయిస్తారు. నాలుగడుగులు వేస్తే చెక్‌పోస్టు. దాని గేటు తీసేది 5:30కి. అప్పటిదాకా చలిలో, హెడ్‌ల్యాంపు వెలుగులో, క్యూలో పడిగాపులు. ఆ తర్వాత గంట, గంటన్నర నడిస్తే సూర్యద్వారం, మాచు పిచ్చు మొదట కనిపించే చోటు. అప్పటికి ఎప్పుడో తెల్లారిపోయి ఉంటుంది. గేటు తీయగానే పరుగెత్తేవాళ్లు ఉంటారు, వాళ్లను పోనివ్వండి. ఒక పక్క లోయ, కింద తడి రాళ్లు. అన్నట్టు, పోర్టర్లకు టిప్పు మూడో రోజు రాత్రి భోజనాల దగ్గరే ఇచ్చేయండి. తెల్లారాక వాళ్లు కనిపించరు.

అపోహ: సూర్యద్వారం నుంచి చూస్తే పోస్టర్‌లోలాగే ఉంటుంది.

వాస్తవం: దాని పేరు ఇంటి పుంకు. మన ఇల్లు కాదు, క్వెచువా భాషలో ఇంటి అంటే సూర్యుడు, పుంకు అంటే ద్వారం. అక్కడి నుంచి ఊరు దూరంగా, చిన్నగా కనిపిస్తుంది, అదీ మబ్బు లేకపోతే. ఒకసారి మా బృందానికి తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. ఒకావిడకు కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. కిందికి దిగుతుంటే మబ్బు విడిపోయింది. పోస్టర్ ఫొటో తీసేది ఆ కిందే, ఊరి పైభాగంలో మెట్లు మెట్లుగా కట్టిన పొలాల దగ్గర. అందుకే సూర్యద్వారం దగ్గరే ఫోన్ బ్యాటరీ అంతా ఖర్చు చేయొద్దంటాను.

అపోహ: చివరి రోజు ఊపిరి ఆడదు.

వాస్తవం: ఎత్తయిన కనుమ, 4,215 మీటర్లది, రెండో రోజే దాటేస్తాం. మాచు పిచ్చు 2,430 మీటర్లే, కుస్కో నగరం కంటే దాదాపు కిలోమీటరు కింద. నాలుగో రోజు కష్టమంతా మోకాళ్లకే. సూర్యద్వారానికి కాస్త ముందు యాభై దాకా నిటారు మెట్లు, చేతులు ఆన్చి ఎక్కాల్సినవి. "అలిపిరి మెట్లెక్కినవాళ్లం, మాకేంటి" అంటారు మనవాళ్లు. అలిపిరి మెట్లు ఒక లెక్కలో ఉంటాయి. ఇక్కడ ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు.

అపోహ: 1911లో అమెరికన్ అన్వేషకుడు హైరమ్ బింగమ్ కనిపెట్టేదాకా మాచు పిచ్చు ఎవరికీ తెలియదు.

వాస్తవం: అప్పటికే అక్కడ రైతు కుటుంబాలు పంటలు వేసుకుంటున్నాయి. ఆయనకు దారి చూపించిందీ స్థానిక రైతు మెల్చోర్ ఆర్టియాగానే. 1902లోనే అగస్టీన్ లిజార్రాగా అనే ఆయన గోడ మీద తన పేరు రాసి వెళ్లాడు. గోడల మీద పేర్లు రాసే జబ్బు మనకొక్కరికే లేదన్నమాట!

చివరగా ఎవరూ అడగనిది: శిథిలాల లోపల టాయిలెట్ లేదు, గేటు బయటే ఉంది. పెద్ద బ్యాగూ అక్కడే అప్పగించాలి. అక్కడికోసం జేబులో పెరూ డబ్బు సోల్ చిల్లర ఉంచుకోండి.