తుఫానుకీ రిజర్వ్ బ్యాంకుకీ ఏమిటి సంబంధం?

చిరంజీవులకు ఆశీస్సులు.

తుఫాను కబురు వాతావరణ శాఖ చెబుతుంది, సాయం ప్రభుత్వం చేస్తుంది, మరి మధ్యలో రిజర్వ్ బ్యాంకుకి ఏం పని అని ఫోన్లో అడిగారు కదా. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

అప్పు దగ్గర మొదలుపెడదాం. పెద్ద తుఫానొస్తే వరి నేలకొరుగుతుంది, రొయ్యల చెరువు గట్టు తెగుతుంది, పడవ పగులుతుంది. వాటి యజమానులు ముగ్గురి పేరా బ్యాంకులో అప్పుంటుంది. ఊళ్లో ఒకరికి నష్టమొస్తే బ్యాంకు తట్టుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినట్టుగా, ఒక్క రోజులో తోటలూ ఫ్యాక్టరీలూ విమానాశ్రయమూ అన్నీ దెబ్బతింటే? అప్పు తీసుకున్న వాళ్లందరికీ ఒకేసారి కష్టం వస్తుంది. బ్యాంకు అప్పిచ్చింది ఎవరో దాచుకున్న డిపాజిట్ల లోంచే. ఆ డిపాజిట్లు భద్రంగా ఉండేలా బ్యాంకుల మీద కన్నేసి ఉంచడం రిజర్వ్ బ్యాంకు బాధ్యత.

దీనికి పాత పద్ధతి ఒకటుంది. ప్రకృతి వైపరీత్యంలో పంట నష్టం 33 శాతం దాటితే బ్యాంకులు పంట రుణాలను రీషెడ్యూల్ చేయాలని నిబంధన. నష్టం 50 శాతం లోపయితే రెండేళ్ల దాకా, అంతకు మించితే ఐదేళ్ల దాకా గడువు. తీర ప్రాంతపు బ్రాంచిలో పనిచేసిన రోజుల్లో అలాంటి కాగితాల మీద నేనూ సంతకాలు పెట్టాను. చాలా కుటుంబాలకు అది ఊపిరి పోసింది. కానీ అది అప్పు మాఫీ కాదు, అప్పును ముందుకు జరపడమే. రెండు తుఫానుల మధ్య కోలుకునే వ్యవధి ఉంటుందన్న నమ్మకం మీద కట్టిన పద్ధతి అది. పాత బాకీ తీరకముందే మళ్లీ వరదొస్తే ఆ లెక్క నిలవదు.

గాలీ వానా లేకుండా వచ్చే నష్టం ఇంకొకటుంది. బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటుకి బ్యాంకులు ఏళ్ల తరబడి తీరే అప్పులిస్తాయి. ఈలోగా సోలార్ కరెంటు చవకైనా, కాలుష్యం మీద చట్టాలు బిగిసినా, గడువు తీరకముందే ప్లాంటు మూతపడొచ్చు. అప్పుడా అప్పు మొండి బాకీయే.

ఈ రెండు రకాల నష్టాలనీ కలిపి గట్టిగా చెప్పినాయన మార్క్ కార్నీ. మనకి రిజర్వ్ బ్యాంకు ఎలాగో బ్రిటన్‌కి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అలాగ. దాని గవర్నరుగా 2015 సెప్టెంబరులో లండన్‌లో బీమా పెద్దల ముందు ప్రసంగించారు. వడ్డీ రేట్లు నిర్ణయించేవాళ్లు రెండు మూడేళ్లు ముందుకి చూస్తారు, బ్యాంకుల భద్రత చూసేవాళ్లు మహా అయితే పదేళ్లు. వాతావరణ నష్టాలు ఎక్కువగా పడేది ఆ తర్వాతి వాళ్ల మీద, అప్పటికి దిద్దుకోవడానికి సమయం ఉండదు అని హెచ్చరించారు. ఆ తర్వాతి వాళ్లంటే మీరే.

2017 డిసెంబరులో పారిస్‌లో ఎనిమిది కేంద్ర బ్యాంకులు (అంటే రిజర్వ్ బ్యాంకు లాంటివి), పర్యవేక్షణ సంస్థలు కలిసి, ఈ వాతావరణ రిస్కుల మీద కలిసి పనిచేయడానికి ఎన్‌జీఎఫ్‌ఎస్ అనే వేదిక పెట్టుకున్నాయి. ఇప్పుడు సభ్యులు 140 దాటారు. మన రిజర్వ్ బ్యాంకు 2021 ఏప్రిల్‌లో చేరింది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మాత్రం 2025 జనవరిలో, ఆ పని తమ పరిధి దాటిపోయిందంటూ బయటికి వెళ్లింది. అంత పెద్ద బ్యాంకు వెళ్లిపోవడం నాకు బాధ కలిగించింది.

ఈ కేంద్ర బ్యాంకులు చేసే పనుల్లో ముఖ్యమైనది స్ట్రెస్ టెస్ట్. కరువొస్తే, వరదొస్తే, కాలుష్యం మీద పన్ను ఒక్కసారిగా పెరిగితే మీ అప్పుల్లో ఎన్ని మునుగుతాయో లెక్క చెప్పండి అని బ్యాంకులను ముందే అడగడం. 2022లో యూరప్ కేంద్ర బ్యాంకు 104 బ్యాంకులను ఇలా అడిగింది. సుమారు 60 శాతం బ్యాంకులకు అసలు అలాంటి లెక్క వేసే ఏర్పాటే లేదని తేలింది. ధనిక దేశాల బ్యాంకుల పరిస్థితి అది! అందుకే లెక్క అడగడం చిన్న పని కాదంటాను. అడిగేవాళ్లు లేకపోతే వేసేవాళ్లుండరు.

మన దగ్గర వాతావరణ రిస్కుల వివరాలు బ్యాంకులు బయటపెట్టాలంటూ 2024 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు ముసాయిదా వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ప్రకటించిన వాతావరణ సమాచార వ్యవస్థ మీద నాకు ఇంకా ఎక్కువ ఆశ ఉంది. వానల లెక్కలు ఒకచోట, ఉపగ్రహ చిత్రాలు ఇంకోచోట, ఒక్కొక్కటి ఒక్కో తీరులో ఉన్నాయి; ఆ లోటు తీర్చడానికే ఈ వ్యవస్థ. ఏ మండలం మునుగుతుందో తెలియని మేనేజరు రిస్కు ఏం కొలుస్తాడు?

ధరల సంగతీ చెప్పాలి. 2023 జులైలో టమాటా మండిపోయింది, ఆ నెల ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో ధరలు పెరిగిన రేటు, 7.44 శాతానికి ఎగబాకింది. రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4 శాతం. వడ్డీ రేటు పెంచితే మదనపల్లె మార్కెట్‌కి అదనంగా ఒక్క పెట్టె రాదు. వాతావరణం చెడితే రిజర్వ్ బ్యాంకు చేతిలో ఉన్న ముఖ్యమైన సాధనం కూడా సగం పనికే వస్తుంది.

నా భయం ఒక్కటే. రిస్కు లెక్క తేలాక బ్యాంకు ఏం చేస్తుంది? మునిగే ఊరికి అప్పు ఆపేయడం అన్నిటికంటే సులువు. 2022లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ చేసిన పరీక్షలోనూ ఇదే కనబడింది. ఏమీ చేయకుండా వదిలేస్తే, వరద ముప్పున్న ఇళ్లలో కొన్నింటికి బీమా అందకుండా పోతుందని. దివిసీమలో బ్యాంకు చేయి వెనక్కి తీసుకుంటే అక్కడి రైతు అప్పు మానడు, నెలకి నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇంకొకరి దగ్గర తెస్తాడు. బ్యాంకు పుస్తకాల్లో రిస్కు తగ్గినట్టు కనిపిస్తుంది, అదంతా ఆ రైతు ఇంటికి చేరుతుంది.

కాబట్టి లెక్క అడగడంతో పాటు, ముంపు తట్టుకునే పనులకు చవకగా అప్పు దొరికేలా చూడాలి. చైనా కేంద్ర బ్యాంకు 2021లో, కాలుష్యం తగ్గించే పనులకు బ్యాంకులిచ్చిన అప్పులో 60 శాతాన్ని 1.75 శాతం వడ్డీకే తిరిగి సమకూర్చే పథకం పెట్టింది. మన దగ్గరా ఇంటి మీద సోలార్ లాంటి వాటికి 10 లక్షల దాకా తీసుకునే రుణం ప్రాధాన్య రంగం, అంటే బ్యాంకులు తమ అప్పుల్లో ఇంత వాటా తప్పక ఇవ్వాల్సిన రంగాల, కింద లెక్కకొస్తుంది. చెరువు గట్టు ఎత్తు పెంచుకోవడానికీ, నీళ్లలో నిలిచే వరి విత్తనానికీ, గాలికి ఎగరని ఇంటి కప్పుకీ అంత శ్రద్ధ రావాలి. ఇది నేను ఎవరితోనైనా వాదిస్తాను.

మీ దగ్గర్లోని బ్రాంచిలో గ్రీన్ డిపాజిట్, అంటే పర్యావరణానికి మేలు చేసే పనులకే వాడే డిపాజిట్, ఉందేమో అడిగి రాయండి. 2023 జూన్ నుంచి దానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలున్నాయి. ఆ డబ్బు ఏ పనులకు వెళ్లిందో బ్యాంకు చెప్పాలి.

మీ తాతయ్య