క్యారెక్టర్ నటుడు, నాటక రచయిత ఆర్నాల్డ్ రిడ్లీ: అపోహలు - వాస్తవాలు

క్యారెక్టర్ వేషాలు వేసేవారి గురించి నాటకాలు ఆడించే మాకు తరచూ వినబడే మాటలు కొన్ని ఉన్నాయి. ఆర్నాల్డ్ రిడ్లీ (1896-1984) అనే ఆంగ్ల నటుడి జీవితం ముందు అవి నిలవవు.

అపోహ: నటుడిగా రాణించనివాడే రచనకు దిగుతాడు.

వాస్తవం: బాత్ నగరంలో పుట్టిన రిడ్లీ 1916లో, మొదటి ప్రపంచయుద్ధంలో భాగంగా ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డారు, ఎడమచేయి మళ్లీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. అయినా 1918లో బర్మింగ్‌హామ్ రెపర్టరీ థియేటర్‌లో చేరారు. ఆ గాయాలే తిరగబెట్టడంతో రంగస్థలం వదిలి, తండ్రి నడిపే బూట్ల దుకాణంలో పనికి కుదురుకోవలసి వచ్చింది. ఆయన నటనను ఆపింది శరీరమే కాని ప్రతిభ కొరవడటం కాదు.

అపోహ: ప్రేక్షకులను భయపెట్టాలంటే ఖరీదైన సెట్టింగులు కావాలి.

వాస్తవం: బ్రిస్టల్ సమీపంలోని మాంగోట్స్‌ఫీల్డ్ స్టేషన్‌లో ఒకసారి రిడ్లీ రైలు కోసం చాలాసేపు ఒంటరిగా కూర్చోవలసి వచ్చింది. ప్లాట్‌ఫారానికి రాకుండా పక్కనున్న వంపు పట్టాల మీదుగా వెళ్లిపోయే రైళ్ల చప్పుడు మాత్రమే వినిపిస్తూ, రైలు కనబడకపోవడం ఆయన మనసులో నాటుకుంది. 'ది ఘోస్ట్ ట్రైన్' (దెయ్యం రైలు) అనే ఆయన నాటకం అందులోంచి పుట్టి, 1925లో లండన్ చేరి 600కు పైగా ప్రదర్శనలు చూసింది. రంగస్థలం మీద ఉన్నదల్లా ఒక వెయిటింగ్ రూము. రైలంతా తెర వెనుకే, తోటలో నేల చదును చేసే రోలర్‌తోను, డ్రమ్ములతోను, ఈలలతోను పుట్టిన శబ్దంలో ఉంది. చూపించలేనిదాన్ని వినిపించి ఒప్పించడం మా వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని అని నా అభిప్రాయం.

అపోహ: ఒక్క నాటకం ఆడితే జీవితాంతం డబ్బే.

వాస్తవం: సినిమా నిర్మాణంలో దెబ్బతిన్న రిడ్లీ ఆ నాటకం ఔత్సాహిక ప్రదర్శన హక్కులను 200 పౌండ్లకే అమ్ముకున్నారు. ఆ తర్వాత ఎన్ని ఔత్సాహిక బృందాలు ఆడినా ఆయనకు దక్కింది లేదు.

అపోహ: క్యారెక్టర్ నటుడు తెరమీద తన స్వభావాన్నే చూపిస్తాడు.

వాస్తవం: 1968లో మొదలైన బీబీసీ హాస్య ధారావాహిక 'డాడ్స్ ఆర్మీ' రెండో ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ హోంగార్డు (స్వదేశాన్ని కాపాడే స్వచ్ఛంద దళం) కథ. అందులో మెతకగా మాట్లాడే ముసలి గాడ్‌ఫ్రీగా దేశమంతా ఆయనను గుర్తుపట్టే నాటికి రిడ్లీకి 72 ఏళ్లు నిండాయి. ఆ గాడ్‌ఫ్రీ, మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించినవాడు. రిడ్లీ మాత్రం సోమ్‌లో బాయొనెట్ (తుపాకీ కొసన బిగించే కత్తి) పోట్లు తిని, రెండో యుద్ధం రాగానే మళ్లీ సైన్యంలో చేరి ఫ్రాన్స్ వెళ్లి, అనారోగ్యంతో తిరిగి వచ్చాక నిజమైన హోంగార్డులో పనిచేశారు.