పొద్దున పుల్లన, మధ్యాహ్నం చప్పన

హనుమకొండలో మే నెల ఎండ గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మా డాబా మీద రెండుపూటలా నీళ్లు పోసినా మందార వాడిపోయింది. పక్కనే పగిలిన కుండలో, గుప్పెడు మట్టిలో ఉన్న రణపాల మాత్రం నిగనిగలాడుతోంది. "దీనికి నీళ్లెవరు పోస్తున్నరు మామా?" అని మేనకోడలు అడిగింది. ఎవరూ పోయలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆకు కొస తుంచి నాలుకకు తాకించాను. చుక్కకూర పులుపు! మధ్యాహ్నం అదే ఆకులో ఇంకో ముక్క చప్పగా ఉంది. (రుచి చూసి ఉమ్మేయాలి. ఇందులో గుండె మీద పనిచేసే పదార్థాలున్నాయి, ఎక్కువగా మేసిన పశువులు చనిపోతాయి. కిడ్నీలో రాళ్లు కరుగుతాయని పొద్దున్నే ఆకులు నమిలేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.)

ఈ రుచి తేడాను లోకానికి చెప్పింది బెంజమిన్ హేన్. ఒకప్పుడు మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోట చూసుకున్న వృక్షశాస్త్రవేత్త. ఆయన లేఖ 1815లో లండన్‌లో అచ్చయింది. పొద్దున పులుపు, మధ్యాహ్నం చప్పదనం, సాయంత్రం కాస్త చేదు అని అందులో రాశాడు.

కార్బన్ డయాక్సైడ్‌ను మన పాత పుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అనేవి. నాకెంతో ఇష్టమైన మాట. రణపాల నిజంగానే ఆ వాయువును పులుసు చేసి దాచుకుంటుంది. పగలు పత్రరంధ్రాలు తెరిస్తే వాయువు లోపలికి వస్తుంది కానీ నీరు ఆవిరై పోతుంది. అందుకే ఇది రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. లోపలికొచ్చిన వాయువును పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ పట్టుకుంటుంది, అది మాలిక్ ఆమ్లంగా మారి కణంలోని సంచిలాంటి అర, రిక్తికలో చేరుతుంది. తెల్లారేసరికి ఆకంతా పులుపు. ఎండెక్కగానే తలుపులు మూసి, ఆ ఆమ్లాన్ని విడగొట్టి, బయటపడ్డ వాయువుతో లోలోపలే పిండిపదార్థం తయారుచేసుకుంటుంది. పులుపు ఖర్చయిపోతుంది, ఆకు చప్పబడుతుంది.

ఒక గ్రాము వాయువు కోసం వరిలాంటి మొక్క 400 నుంచి 500 గ్రాముల నీరు పోగొట్టుకుంటే, ఈ బాపతు మొక్కలకు 50 నుంచి 100 గ్రాములు చాలు. కాకపోతే రిక్తిక నిండితే ఆ రాత్రికి ఇక చోటుండదు, అందుకే ఎదుగుదల నెమ్మది. మన గుట్టల మీది నాగజెముడుదీ, తోటల్లోని అనాసదీ ఇదే పద్ధతి.

పత్రరంధ్రాలు పగలు తెరుచుకుంటాయి, రాత్రి మూసుకుంటాయి అని బడిలో వల్లె వేయిస్తారు. టీచర్లు ఒక రణపాల ఆకును పొద్దునోసారి, సాయంత్రమోసారి నలిపి, పులుపును బట్టి రంగు మారే పీహెచ్ కాగితానికి అద్ది చూపిస్తే ఎంత బాగుంటుంది! పిల్లలు ఆ రంగుల తేడా జన్మలో మరచిపోరు.

ఇక గుమ్మానికి తలకిందులుగా కట్టే కలబంద. నెలల తరబడి మట్టీ నీరూ లేకుండా బతికుంటే, దిష్టిని తాగి బతుకుతోందంటారు. దానిదీ ఈ పద్ధతే. నీరు బొత్తిగా లేకపోతే ఇలాంటి మొక్కలు రాత్రి కూడా రంధ్రాలు తెరవవు. తమ శ్వాసలో వెలువడే వాయువునే రాత్రి పులుపుగా కట్టి, పగలు విప్పి, మళ్లీ వాడుకుంటాయి. ఎదగవు, చావవు. మా గుమ్మానికి కట్టిన కలబంద ముడతలు పడి సన్నబడింది. మేనకోడలు దాన్ని విప్పి కుండీలో నాటింది. మూడు వారాలకు మధ్యలోంచి లేత ఆకు ఒకటి పొడుచుకొచ్చింది.