సంతకం దగ్గర ఆగిన చెయ్యి

2021 జనవరి చివర్లో మా పిన్ని ఫోన్ చేసింది. "ఈ కాగితం ఫొటో పంపాను, ఏం రాశారో చదివి చెప్పు నాన్నా" అంది. ఆమె ఏఎన్ఎం, ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త. ముప్పై ఏళ్లుగా బుధవారం, శనివారం వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని ఊళ్లు తిరిగిన మనిషి. గుక్కపట్టిన బిడ్డను తల్లి ఒళ్లో కదలకుండా పట్టించి సూది వేసి, "రాత్రికి జ్వరం వస్తుంది, కంగారుపడకు" అని ధైర్యం చెప్పి పంపే మనిషి. తన వంతు వచ్చేసరికి పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

ఆ కాగితం కోవిడ్ టీకా కోవాగ్జిన్ వేయించుకునేవాళ్లు సంతకం పెట్టాల్సిన కన్సెంట్ ఫారం, అంటే సమ్మతి పత్రం. టీకా ఏ మేరకు పనిచేస్తుందో ఇంకా తేలలేదనీ, మూడో దశ ప్రయోగం నడుస్తోందనీ అందులోనే ఉంది. తీవ్రమైన హాని జరిగి, దానికి టీకాయే కారణమని రుజువైతే కంపెనీ పరిహారం ఇస్తుందని కూడా ఉంది. జనవరి 3న వచ్చిన అనుమతే 'క్లినికల్ ట్రయల్ పద్ధతిలో' అన్న షరతుతో వచ్చింది. 16న ముందుగా వైద్య సిబ్బందికి మూడు వేల పైచిలుకు కేంద్రాల్లో, కేంద్రానికి వంద మంది చొప్పున వేద్దామనుకుంటే, తొలిరోజు వేయించుకున్నది సుమారు రెండు లక్షల మంది. టీకాల నమోదుకు పెట్టిన కో-విన్ యాప్ మొరాయించడం కూడా అందుకు కొంత కారణం. అదే రోజు ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రి రెసిడెంట్ డాక్టర్లు తమకు కోవాగ్జిన్ బదులు రెండో టీకా కోవిషీల్డ్ వేయమని సూపరింటెండెంటుకు లేఖ రాశారు. వాళ్లు టీకానే వద్దనలేదు, ప్రయోగాలు పూర్తి కాని టీకా మీద సందేహం ఉందన్నారు.

"వైద్యం తెలిసినవాళ్లే భయపడితే ఇక జనం మాటేమిటి" అని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు. ఆ మాట నాకు అన్యాయంగా అనిపించింది. ఈ సంకోచానికి వెనక నలభై ఏళ్ల చరిత్ర ఉంది.

వాడిన సూదికి మూత పెట్టబోతే వేలికి గుచ్చుకుంటుంది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి ఆస్పత్రుల్లో సోకే దారుల్లో ఇదొకటి. 1981లో అమెరికాలో దీనికి తొలి టీకా వచ్చింది. అయితే దాన్ని తయారుచేసింది రోగుల రక్తపు ప్లాస్మా నుంచి. సరిగ్గా అప్పుడే ఎయిడ్స్ బయటపడింది. ప్లాస్మా ఇచ్చినవాళ్లలో ఆ జబ్బున్నవాళ్లు ఉంటే మా గతేమిటని నర్సులు, డాక్టర్లు వెనకాడారు. శుద్ధిచేసే పద్ధతిలో వైరస్‌లు చచ్చిపోతాయని పరీక్షల్లో తేలింది కానీ, ఆ అనుమానం పోవడానికి ఏళ్లు పట్టింది. 1986లో ఈస్ట్ కణాలతో తయారైన టీకా వచ్చింది. 1991 డిసెంబరులో అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఒక నిబంధన తెచ్చింది: యజమాని టీకా ఉచితంగా ఇవ్వాలి, దాని గురించి వివరించాలి, అప్పటికీ వద్దనుకున్నవాళ్లు ఆ సంగతి రాసి సంతకం పెట్టాలి, మనసు మార్చుకుంటే తర్వాతైనా వేయాలి. 1983లో పది వేలకు పైగా ఉన్న వైద్య సిబ్బంది కేసులు 1990ల మధ్యకల్లా వందల్లోకి దిగాయి.

మన దగ్గర అడ్డంకి ముందు ధర. విదేశీ టీకా డోసు వందల రూపాయలు పలికే రోజుల్లో, హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి అనే హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. ధరలు దిగొచ్చాయి. అయినా మూడు డోసులూ పూర్తికాని నర్సులు, ఆస్పత్రి చెత్త ఎత్తే కాంట్రాక్టు మనుషులు ఇవాళ్టికీ ఉన్నారు. వాళ్లలో ఎంతమందిని కూర్చోబెట్టి అడిగారు?

2003లో అమెరికా మశూచి టీకాను ఐదు లక్షల మంది వైద్య సిబ్బందికి వేద్దామనుకుంది. ముందుకొచ్చింది నలభై వేల లోపు. హాని జరిగితే పరిహారం సంగతి మొదట్లో తేల్చకపోవడం ఒక పెద్ద కారణం.

మన తెలుగు నేలకు మానని పుండు భద్రాచలం. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి, పాత్ అనే సంస్థ అధ్యయనంలో భాగంగా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ కాగితాలు తీసి చూస్తే, రెండు వేల ఏడు వందలకు పైగా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మంచి టీకాకే చెడ్డపేరు వచ్చింది. సంతకమంటే ఏమిటో అప్పుడు చూసిన ఆరోగ్య సిబ్బంది పన్నెండేళ్లకు తమ చేతికే ఫారం వస్తే మామూలుగా ఎలా తీసుకుంటారు?

2021 మార్చి 3న కోవాగ్జిన్ మూడో దశ మధ్యంతర ఫలితం, 81 శాతం సమర్థత, బయటికొచ్చింది. కొద్ది రోజులకే ట్రయల్ షరతు ఎత్తేశారు, ఆ ఫారం అవసరమూ పోయింది.

మా పిన్ని మాత్రం ఫిబ్రవరిలోనే వేయించుకుంది. పీహెచ్‌సీ డాక్టరమ్మ ఒక మధ్యాహ్నం ఆశాలను, ఏఎన్ఎంలను, అటెండర్లను కూర్చోబెట్టి ఆ ఫారం వరసవరసా తెలుగులో చదివి వినిపించిందట. "ఎన్నాళ్లు పనిచేస్తుందమ్మా అని అడిగాను. అది నాకూ తెలీదు, తెలిసిన రోజు మీకు చెప్తాను అంది. అప్పుడు పెట్టాను సంతకం" అంది పిన్ని.