చివరి మడికి నీళ్ళు

కడప

చిరంజీవులకు ఆశీస్సులు.

చిట్టితల్లీ, నీ ఉత్తరం అందింది. అన్నమయ్య జయంతికి తాళ్ళపాకలో పాడబోయే కీర్తనను కంప్యూటర్‌లో రికార్డు చేసుకుంటుంటే, సరిగ్గా చరణం మధ్యలో సౌండ్ కార్డు పెట్టె మీద దీపం ఆరిపోతోందని, కాసేపటికి దానంతట అదే వెలుగుతోందని రాశావు. "దానికి నా పాట నచ్చలేదా?" అని అడిగావు. ఆ మాట చదివి వినిపిస్తే మీ జేజికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నీ పాటలో లోపం లేదమ్మా. పెట్టెలో కూడా ఉండకపోవచ్చు.

ఆ పెట్టెకు గోడలో పెట్టుకునే ప్లగ్గు లేదు కదా. కంప్యూటర్ నుంచి వచ్చే ఒక్క యూఎస్‌బీ తీగే దానికి కరెంటు ఇస్తుంది, నీ పాటను మోసేదీ ఆ తీగే. మన కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ కూడా అలాంటిదే. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై, మీ కర్నూలు మీదుగా మా కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా వస్తుంది. 19వ శతాబ్దంలో దాన్ని తవ్వినవాళ్ళు పొలాలకు నీళ్ళూ పారాలి, పడవలూ నడవాలి అనుకునే తవ్వారు.

మా చేను చివరి ఆయకట్టులో ఉండేది. నాకు పదేళ్ళప్పుడు ఒక రాత్రి, వరి పొట్ట మీద ఉండగా మడి నెర్రెలు విచ్చింది. మా నాయన మడి దగ్గర ఒక్క క్షణం కూడా నిలబడలేదు. నా చేతికి లాంతరు ఇచ్చి, కాలువ గట్టు మీద పైకి నడిచారు. చాలా దూరం పోయాక ఒకచోట ఆగి చెవి పెట్టి విన్నారు. ఎండ్రకాయ తొలిచిన కలుగులోంచి నీళ్ళు పక్క బీడులోకి పోతున్నాయి. పంచె ఎగగట్టి దిగి, కంప తొక్కి, బంకమట్టి ముద్దలు వేసి మూశారు. నేను పట్టుకున్న లాంతరు వెలుగు ఆ నీళ్ళ మీద వణకడం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. తెల్లవారేసరికి మా మడి తడిసింది.

నువ్వూ అలాగే పైకి నడువు. పాత రకం యూఎస్‌బీ రంధ్రం 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, కొత్త రకం 900 ఇస్తుంది. మీ మామ కొనిచ్చిన కండెన్సర్ మైకుకు 48 వోల్టులు కావాలి. ఆ 5 వోల్టుల్లోంచే పెట్టె దాన్ని పుట్టించాలి. అది ఆరుతడి పైరు కాదు, వరి! పైగా మీరు కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్, ఈ పెట్టె అన్నీ, ఒక రంధ్రాన్ని నాలుగుగా చీల్చే ఒకే చిన్న హబ్‌కు తగిలించారట. ఒక్క పిల్లకాలువ మీద నాలుగు మడులన్నమాట. పెట్టె తీగను అక్కడినుంచి తీసి, నేరుగా కంప్యూటర్ వెనక వైపున పెట్టు. పొడవు తీగకు ఇంకో తీగ కలిపి ఉంటే అదీ తీసెయ్యి. సన్నటి తీగ పొడవయ్యేకొద్దీ చివరకు చేరేది తగ్గిపోతుంది.

కాలువ నీళ్ళు వదిలే లస్కరు సంగతి కూడా చెప్పాలి. నీళ్ళు ఎవరూ వాడటం లేదనుకుంటే లస్కరు తూము దించేస్తాడు. కంప్యూటర్ కూడా కరెంటు పొదుపు కోసం అదే పని చేస్తుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్‌కు వెళ్ళి, యూఎస్‌బీ రూట్ హబ్‌ను తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ దగ్గర ఉన్న టిక్కు తీసెయ్యమని మీ నాన్నను అడుగు.

అన్నీ ఒకేసారి మార్చవద్దు. ఒకటి మార్చి, పాట మొత్తం పాడి, తర్వాత రెండోది చూడు. పెట్టె చెడిపోయిందని మాత్రం అప్పుడే తేల్చవద్దు. బడిలో చివరి బల్ల పిల్లవాడు జవాబు చెప్పకపోతే, నా గొంతు అక్కడిదాకా చేరిందో లేదో ముందు చూసుకునేవాణ్ణి. ఆ పెట్టె నీ గొంతును సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా పంపుతుంది తల్లీ! నువ్వు ఒక్క గమకం పలికేలోపు ఎన్ని వేల కొలతలో చూడు. అంత పని చేసేదాన్ని తిట్టడానికి మనసెలా వస్తుంది?

ఈ రాత్రి గదిలో లైటు ఆర్పి తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకో. నువ్వు పాడుతూ ఉండు. వాడు తీగను ఒక కొసన, తర్వాత రెండో కొసన మెల్లగా కదిలించాలి. పెట్టె మీద దీపం ఎక్కడ రెప్ప వేసిందో నాకు రాయి.

మీ అబ్బ