అమో, అమాస్, అమాత్: అమెరికాలో పాత చదువు కొత్త బడి

అమెరికాలో 'క్లాసికల్ క్రిస్టియన్' అని పేరున్న బడుల్లో చిన్న తరగతుల పిల్లలు ఒకే గొంతుతో 'అమో, అమాస్, అమాత్' అని వల్లెవేస్తుంటారు. ప్రేమించడం అనే లాటిన్ క్రియకు రూపాలు అవి. 'రామః రామౌ రామాః' అంటూ పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. బట్టీ అంటేనే ముఖం చిట్లించే దేశంలో తల్లిదండ్రులు ఫీజు కట్టి మరీ పిల్లల్ని ఇందుకు పంపడమే వింత.

ఈ చదువుకు మూలం మధ్యయుగపు యూరప్. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడింటినీ కలిపి ట్రివియం అనేవారు. అంకగణితం, జ్యామితి, ఖగోళం, సంగీతం ఆ తర్వాత. బైబిలూ ప్రార్థనలూ లాటిన్‌లోనే ఉండేవి కాబట్టి చర్చికి వ్యాకరణం లేనిదే రోజు గడవదు.

అయితే ఇప్పటి బడులు నడిచేది ఆ కాలపు పద్ధతిలో కాదు. వాటి అసలు పునాది 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ సేయర్స్ చేసిన 'ది లాస్ట్ టూల్స్ ఆఫ్ లెర్నింగ్' అనే ప్రసంగం. ఆవిడ ప్రధానంగా డిటెక్టివ్ నవలల రచయిత్రి, బడిపంతులమ్మగా ఉన్నది కొద్దికాలమే. ట్రివియంలోని మూడు విద్యలనూ పిల్లల వయసులతో ముడిపెట్టారు. చిన్నప్పుడు చిలకపలుకులు ఇష్టం కాబట్టి వ్యాకరణం, ఎదురు మాట్లాడే వయసులో తర్కం, సొంత గొంతు వెతుక్కునే వయసులో వక్తృత్వం. పిల్లల మనస్తత్వం గురించి తనకు తెలిసిందల్లా తన చిన్నతనమేనని ఆవిడే ఒప్పుకున్నారు. ఈ మాట ఇప్పటి ప్రచారంలో అంతగా వినపడదు.

నా మటుకు నాకు నచ్చేది రెండో దశే. పన్నెండేళ్ల పిల్లాడు ఎలాగూ ప్రతిదానికీ వాదిస్తాడు. 'నోర్ముయ్' అనకుండా వాదించడం నేర్పుతారు. 'అందరూ కొంటున్నారు, మీరూ కొనండి' అనే ప్రకటన చూసి, అందరూ కొన్నంత మాత్రాన సరుకు మంచిదెలా అవుతుందని వాడు అడగాలి. ఆ తప్పు వాదనకు పేరు కూడా చెప్పగలగాలి.

ప్రసంగం చాలాకాలం అలాగే పడి ఉంది. ఈలోగా అమెరికా ప్రభుత్వ బడుల్లో అధికారికంగా ప్రార్థన చేయించడం, బైబిల్ చదివించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1962, 1963లలో తీర్పులిచ్చింది. ప్రైవేటు క్రైస్తవ బడులు పెరిగాయి. దక్షిణాదిలో వాటిలో కొన్నింటి వెనక నల్లవాళ్ల పిల్లలతో కలిపి చదివించడం ఇష్టంలేని తెల్లవాళ్లున్నారన్నదీ దాచలేని చరిత్రే.

1981లో ఐడహో రాష్ట్రం మాస్కో ఊళ్లో పాస్టర్ డగ్లస్ విల్సన్ మరికొందరితో కలిసి లోగోస్ స్కూల్ పెట్టారు. సేయర్స్ పథకం అలా తరగతి గదిలోకొచ్చింది. 1991లో ఆయన దీని మీద పుస్తకం రాశాక మిగతాచోట్లా బడులు మొదలయ్యాయి, వాటికో సంఘమూ ఏర్పడింది. అదే విల్సన్ 1996లో ఇంకొకరితో కలిసి దక్షిణాది బానిసత్వాన్ని వెనకేసుకొస్తూ చిన్న పుస్తకం రాశారు. దాని మీద వచ్చిన విమర్శ ఈ ఉద్యమాన్ని ఇప్పటికీ వదల్లేదు. ఆయనతో మాకు సంబంధం లేదనే క్లాసికల్ బడులూ ఉన్నాయి.

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే కుటుంబాలూ ఈ పద్ధతిని అందుకున్నాయి. ప్రభుత్వ డబ్బుతో నడిచే కొన్ని చార్టర్ బడులూ 'క్లాసికల్' బోర్డు పెట్టుకున్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ పక్క ఇర్వింగ్‌లోనూ అలాంటిది ఉంది. వీటిలో లాటిన్ ఉండొచ్చు గానీ మతబోధ కుదరదు. అడ్మిషన్ టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులు క్లాసికల్ క్రిస్టియన్ బడులనూ ఈ చార్టర్ బడులనూ ఒకటే అనుకోకూడదు.

2023లో ఫ్లోరిడా ప్రభుత్వ యూనివర్సిటీలు కాలేజీ ప్రవేశ పరీక్షలైన శాట్, ఏసీటీలతో పాటు ఈ క్లాసికల్ చదువుకు తగ్గట్టు తయారైన 'క్లాసిక్ లెర్నింగ్ టెస్ట్' మార్కులనూ ఒప్పుకున్నాయి. ర్యాంకుల కోసం కాదు, మనిషిని తీర్చిదిద్దడానికి అంటూ మొదలైన చదువుకూ ఒక ఎంట్రన్స్ వచ్చేసింది.