పాత ఆర్కేడ్ యంత్రాల మరమ్మతు: అపోహలు – వాస్తవాలు

షికాగో శివార్లలోని ఫ్రాంక్లిన్ పార్క్ ఒకప్పుడు మిడ్‌వే సంస్థకు నెలవు. జపాన్‌కు చెందిన నామ్‌కో సంస్థ 1980లో తెచ్చిన, చిక్కుబాటలో దయ్యాలను తప్పించుకుంటూ తిరిగే ప్యాక్‌మ్యాన్ ఆటను అమెరికాలో తయారుచేసి అమ్మే హక్కు మిడ్‌వేకే దక్కింది. అందువల్ల ఈ చుట్టుపక్కల ఇళ్ల బేస్‌మెంట్లలోనూ, మూతపడిన పిజ్జా దుకాణాల వెనుక గదుల్లోనూ ఆ ఆటవి, నాణెం వేస్తే నడిచే పసుపుపచ్చని ఆర్కేడ్ పెట్టెలు నేటికీ బయటపడుతూనే ఉంటాయి. వాటిని బాగుచేయడం నాకు వారాంతపు వ్యాపకంగా మొదలై ఇప్పుడు సగం వృత్తిగా మారింది. నా దగ్గరకు వచ్చే పెట్టెల్లో నలభై ఏళ్ల కాలం చేసిన నష్టం కన్నా, ఎవరో మంచి ఉద్దేశంతోనే చేసిన మరమ్మతు వల్ల కలిగిన నష్టం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మరమ్మతుల వెనుక ఉండే నమ్మకాలను, వాటిలో నిజమెంతో, నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "ఒకసారి ఆన్ చేసి చూస్తే లోపమేమిటో తెలిసిపోతుంది."

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న యంత్రాన్ని తెచ్చిన వెంటనే ప్లగ్గులో పెట్టడం అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో వాననీరు చేరి, అడుగు భాగం తడిసిన ప్యాక్‌మ్యాన్ పెట్టె ఒకటి నా దగ్గరకు వచ్చింది. ఇంటివారు దానిని తుడిచి, పది రోజులు ఆరబెట్టి, నమ్మకంగా స్విచ్ వేశారట. ఫ్యూజు పోయింది. మరొకటి వేస్తే అదీ పోయింది. మూడోసారి ఎవరో సలహా ఇవ్వగా ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని తగరపు కాగితం చుట్టారు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైర్లు కాలాయి. పెట్టె అడుగున ఉండే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ తుప్పు పట్టిన ఫ్యూజు క్లిప్పులను ముందే మార్చి, మల్టీమీటరుతో వరుసగా కొలుచుకుంటూ వెళ్లి ఉంటే, ఆ మరమ్మతు ఒక పూటలో తేలిపోయేది.

నేను పాటించే క్రమం ఇది. మొదట ప్లగ్గు, దాని తీగ చూస్తాను. ఎర్త్ పిన్ను కోసేసిన ప్లగ్గులు పాత యంత్రాలకు తరచుగా కనిపిస్తాయి, అటువంటి దానిని అప్పటికప్పుడు మార్చేస్తాను. తరువాత ఫ్యూజులను, వాటిపై రాసి ఉన్న విలువలను మాన్యువల్‌తో సరిచూస్తాను. ఆపైన మానిటర్‌కు, గేమ్ బోర్డుకు వెళ్లే కనెక్టర్లు రెండూ ఊడదీసి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే వోల్టేజీలను మాత్రమే కొలుస్తాను. అవి సరిగా ఉన్న తరువాతనే బోర్డును కలుపుతాను.

ఇక్కడ ప్యాక్‌మ్యాన్ బోర్డుకున్న ఒక ప్రత్యేకతను చెప్పాలి. చాలా యంత్రాలలో బోర్డుకు అవసరమైన 5 వోల్టుల డీసీ విడిగా ఉండే పవర్ సప్లైలో తయారై వస్తుంది. ప్యాక్‌మ్యాన్‌లో మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సుమారు 7 వోల్టుల ఏసీ నేరుగా బోర్డు కొసకు తొడిగే ఎడ్జ్ కనెక్టర్ ద్వారా బోర్డుకు చేరి, డీసీగా మారడం, 5 వోల్టులకు స్థిరపడడం బోర్డు మీదనే జరుగుతాయి. ఆ కరెంటు అంతా కనెక్టరులోని కొద్దిపాటి పిన్నుల మీదుగా ప్రవహిస్తుంది. పిన్నులకు చిలుము పడితే అక్కడ నిరోధకత పెరుగుతుంది, నిరోధకత పెరిగితే వేడి పుడుతుంది, వేడి వల్ల చిలుము మరింత పెరుగుతుంది. ఆ కొస గోధుమరంగుకు తిరిగి, మాడిన వాసన వేసే బోర్డులను నేను లెక్కలేనన్ని చూశాను. అటువంటప్పుడు బోర్డులోని చిప్పులను అనుమానించే ముందు, బోర్డు మీదనే 5 వోల్టులు అందుతున్నాయో లేదో కొలవాలి. ఆ తరం టీటీఎల్ రకం చిప్పులు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య పనిచేసేలా రూపొందినవి. అంతకన్నా తగ్గితే ఆట మొదలుకాకుండా మళ్లీ మళ్లీ రీసెట్ అవుతూ ఉంటుంది. "బోర్డు చచ్చిపోయింది" అని నాకు చెప్పి తెచ్చిన వాటిలో చాలావాటికి కొత్త కనెక్టరు వేస్తే చాలింది. తెర మీద పిచ్చి అక్షరాలు ఒక్క క్షణం మెరిసి, ఆ తరువాత మెమరీ సరిగా ఉందన్న వాక్యం కనిపించినప్పుడు కలిగే ఊరట ఈ పని చేసేవారికే తెలుస్తుంది.

అపోహ: "ప్లగ్గు పీకేశాక పిక్చర్ ట్యూబును ముట్టుకున్నా ఏమీ కాదు."

ఈ నమ్మకం ప్రాణం మీదకు తెస్తుంది. 19 అంగుళాల రంగుల ట్యూబుకు అందే హై వోల్టేజి, అంటే మన టీవీ మెకానిక్కులు ఈహెచ్‌టీ అని పిలిచేది, 20 వేల వోల్టులకు అటూ ఇటూగా ఉంటుంది. ట్యూబు గాజుకు లోపల ఒక పూత, బయట ఒక పూత ఉండడం వల్ల ఆ ట్యూబే ఒక పెద్ద కండెన్సర్‌గా పనిచేసి, కరెంటు తీసేసిన తరువాత కూడా ఛార్జీని నిలుపుకుంటుంది. దానిని ఖాళీ చేయడానికి ఇన్సులేషన్ ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరుకు ఒక తీగను బిగించి, తీగ రెండో కొసను ట్యూబు వెనుక గాజును చుట్టి ఉండే అల్లిక తీగకు కలిపి, హై వోల్టేజి తీగ ట్యూబుకు చేరే చోటి రబ్బరు మూత కిందకు స్క్రూడ్రైవరు కొనను నెమ్మదిగా జార్చాలి. తీగను మానిటర్ బోర్డు మీద ఏదో ఒక గ్రౌండుకు తగిలిస్తే, ఆ ఛార్జీ మంచి భాగాలను కాల్చుకుంటూ పోతుంది. ఒకసారి ఖాళీ చేసిన ట్యూబులో కొద్దిసేపటికి కొంత ఛార్జీ తిరిగి పేరుకుంటుంది కనుక, చేయి పెట్టే ముందు మరోసారి చేయడం అవసరం. ఈ పని ముందెన్నడూ చేయనివారు తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకోవాలి, రాత చదివి నేర్చుకునే విషయం కాదిది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన భయం కూడా ఉంది. ట్యూబు దగ్గరకు వెళితేనే బాంబులా పేలుతుందని కొందరు పెట్టె వెనుక తలుపే తెరవరు. నిజానికి నిత్యం జరిగే ప్రమాదం పేలుడు కాదు, ట్యూబు మెడ విరగడం. వెనుక సన్నగా ఉండే ఆ గాజు గొట్టానికి మోచేయి తగిలితే చాలు, లోపలి శూన్యం పోయి ట్యూబు పనికిరాకుండా పోతుంది. ఈ సైజు ట్యూబులను ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు.

మరొక మాట. ఈ మానిటర్లలో చాలావాటికి, గోడ కరెంటు నుంచి వాటిని వేరుచేసి ఉంచే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పెట్టెలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. మానిటర్‌ను బయటకు తీసి బల్ల మీద పరీక్షించేటప్పుడు గోడ ప్లగ్గుకు నేరుగా కలిపితే, దాని ఇనుప చట్రానికే కరెంటు రావచ్చు.

అపోహ: "కండెన్సర్లన్నీ మార్చేస్తే మానిటర్ కొత్తదైపోతుంది."

ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు కాలక్రమంలో ఎండిపోతాయన్నది నిజమే. బొమ్మ అంచులు వంకరపోవడం, బొమ్మ వణకడం, రంగులు ఒకదానిలోకి ఒకటి జారడం వంటి లక్షణాలు వాటిని మార్చడంతో చాలాసార్లు పోతాయి. అయితే వాటిని మార్చడం సంరక్షణలో ఒక భాగం, రోగ నిర్ధారణ మాత్రం కాదు. బొమ్మ మొత్తం కుంచించుకుపోయి ఒక్క గీతగా మిగిలితే, బొమ్మను నిలువుగా పరిచే వర్టికల్ సర్క్యూటులో పోయిన ట్రాన్సిస్టరు కారణం కావచ్చు, లేదా కనెక్టరు పిన్ను చుట్టూ కంటికి కనిపించని సన్నని ఉంగరంలా పగిలిన సోల్డరు కారణం కావచ్చు. ఆ పగులును భూతద్దంలో చూసి, పాత సోల్డరును తీసి మళ్లీ వేయడానికి పది నిమిషాలు పడుతుంది. అలా కాకుండా ఇరవై ముప్పై కండెన్సర్లు మార్చిన తొలి అనుభవంలో, ప్లస్సు మైనస్సు తారుమారు చేసి ఒకటైనా తిరగేసి పెట్టనివారు అరుదు, నన్ను కూడా కలుపుకొనే చెబుతున్నాను. ఆ గీత కనిపించినప్పుడు వెలుతురు తగ్గించడమో, వెంటనే ఆపేయడమో చేయాలి, లేకుంటే అది తెర మీద శాశ్వతంగా ముద్రపడుతుంది.

ముద్ర గురించి వచ్చే ప్రశ్న కూడా ఒకటుంది. ప్యాక్‌మ్యాన్ తెరను ఆర్పేసినా దాని మీద చిక్కుబాట నీడ కనిపిస్తూ ఉంటుంది. ఆ బాట ఎప్పుడూ ఒకే చోట వెలుగుతూ ఉండడం వల్ల అక్కడి ఫాస్ఫరు, అంటే తెర లోపల వెలుగునిచ్చే పూత, అరిగిపోయింది. ట్యూబు రిజువనేటరు అనే పరికరంతో దానిని పోగొట్టవచ్చని చెబుతారు కానీ, ఆ పరికరం ట్యూబులో ఎలక్ట్రాన్లను వెలువరించే కేథోడు నీరసిస్తే దానిని కొంతవరకు ఉత్తేజపరచగలదే తప్ప, పోయిన ఫాస్ఫరును తిరిగి తేలేదు. నీడ లేని తెర కావాలంటే పాత టీవీ నుంచి అదే సైజు ట్యూబు తెచ్చి, పిన్నుల అమరిక, ట్యూబు మెడ చుట్టూ ఉండే యోక్ కాయిల్ విలువలు సరిపోతున్నాయో లేదో చూసి మార్చాలి. నాకైతే ఆ నీడ ఉండడమే నచ్చుతుంది.

అపోహ: "నీటిలో ఉబ్బిన పెట్టెను పారేసి కొత్తది చేయించుకోవడం మేలు."

ఆ కాలపు పెట్టెల్లో పార్టికల్ బోర్డు వాడకం ఎక్కువ. రంపపు పొట్టును, చెక్క ముక్కలను జిగురుతో అదిమి చేసిన ఈ పలక, తడిస్తే అడుగు నుంచి పూరీలా పొంగుతుంది. పొంగిన భాగాన్ని క్లాంపులతో నొక్కి పూర్వపు మందానికి తేవాలని చాలామంది ప్రయత్నిస్తారు. లోపలి ముక్కల మధ్య బంధం అప్పటికే తెగిపోయి ఉంటుంది కనుక అది నిలవదు. దాని పైన కారు డెంట్లకు వాడే పుట్టీ రుద్ది రంగు వేసినా, పెట్టె బరువు ఆ బలహీనమైన అంచు మీదనే పడి కొన్నాళ్లకు విరుగుతుంది.

అలాగని పెట్టె మొత్తం పోయినట్టు కాదు. వాననీటిలో తడిసిన పెట్టెలకు సాధారణంగా కింది అరడుగు మేర మాత్రమే దెబ్బతింటుంది. మొదట గాలి తగిలే చోట, ఎండలో కాకుండా, కొన్ని వారాలు ఆరనివ్వాలి. తరువాత గట్టిగా ఉన్న భాగం ఎక్కడ మొదలవుతుందో స్క్రూడ్రైవరుతో పొడిచి తెలుసుకొని, ఆ గీతకు పైన తిన్నగా కోసేసి, అదే మందం గల కొత్త పలకను అతకాలి. రెండు పలకలను అంచుకు అంచు కేవలం జిగురుతో అతికిస్తే చాలదు. రెండింటినీ సగం మందానికి చెక్కి ఒకదానిపై ఒకటి కూర్చడమో, మధ్యలో చెక్క మేకులు దించడమో చేసి, లోపలి వైపు అదనంగా ఒక పట్టీ వేయాలి. పుట్టీ అవసరం అప్పుడు వస్తుంది, అతుకు కనిపించకుండా చేయడానికి మాత్రమే. ఉబ్బు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటే కోయవలసిన పని లేదు. పలుచని ఎపాక్సీ జిగురును ఆ అంచులోకి ఇంకనిచ్చి, మైనపు కాగితం పెట్టి బిగిస్తే రాయిలా గట్టిపడుతుంది. చివరగా అడుగున పోయిన, ఎత్తు సరిచేసే లెవెలరు కాళ్లను తప్పక వేయించాలి, ఎందుకంటే చెక్క నేలకు తగలకుండా ఉండడమే దానికి అసలైన రక్ష.

కొత్త పలకలతో చేయించిన పెట్టె చూడడానికి ముచ్చటగా ఉండవచ్చు, కానీ అది నకలు. అందులో 1980 నాటిది అంటూ ఏమీ మిగలదు.

ఇదే కారణంతో రంగు విషయంలోనూ తొందరపడవద్దంటాను. 1980ల నడుమ కాలంలో ఆదాయం తగ్గిన పెట్టెలను యజమానులు నల్ల రంగు పూసి, లోపల వేరే ఆట బోర్డు పెట్టి నడిపించారు. నల్లని పెట్టె కొన్నవారు వెంటనే ఎమరీ పేపరు అందుకొని చెక్క కనిపించేదాకా గీకేస్తారు. ప్యాక్‌మ్యాన్ పక్క పలకల మీది బొమ్మలు స్టిక్కర్లు కావు, స్టెన్సిల్ పెట్టి ఒక్కో రంగూ విడిగా వేసినవి. అందుకే నల్ల రంగు కింద వాటి అంచులు వేలికి తగులుతాయి. మెల్లని రంగు తొలగింపు ద్రావణాన్ని ముందు కనిపించని మూలలో పరీక్షించి, ప్లాస్టిక్ రేకుతో కొంచెం కొంచెంగా తీస్తే, కింద పసుపు రంగు పైకి వచ్చే అవకాశం ఉంటుంది. నెల రోజులు పట్టిన పెట్టె ఒకటి నా దగ్గర ఉంది, దాని మీద గీతలు, సిగరెట్ మచ్చలు అలాగే ఉంచాను.

అపోహ: "బ్యాటరీ కారితే వంటసోడా నీళ్లతో కడిగితే చాలు."

ఈ సలహా లెడ్ యాసిడ్ బ్యాటరీలకు చెందినది. ఆర్కేడ్ యంత్రాలు చేసిన మరో సంస్థ విలియమ్స్, తన డిఫెండర్, రోబోట్రాన్ వంటి ఆటల్లో స్కోర్లు, సెట్టింగులు గుర్తుండడానికి బోర్డు మీద మూడు పెన్సిల్ సెల్లులు పెట్టింది. అవి కారితే బయటకు వచ్చేది ఆమ్లం కాదు, క్షారం. క్షారాన్ని వంటసోడా విరచదు, దానికి కావలసినది పలుచని వెనిగరు. దానితో తుడిచి, శుద్ధమైన నీటితో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఆరబెట్టాలి. ఆపైన సెల్లులను బోర్డుకు దూరంగా తీగతో వేలాడదీసే హోల్డరులోకి మార్చడం మంచిది. విలియమ్స్ యంత్రం కొన్నవారు ఆట ఎలా ఉందో చూసే ముందు ఈ సెల్లులను చూడాలి.

జాయ్‌స్టిక్కు గురించి క్లుప్తంగా చెబుతాను. ఎనిమిది దిక్కులకు తిరిగేది నాలుగు దిక్కుల దానికన్నా మెరుగని చాలామంది మార్చేస్తారు. ప్యాక్‌మ్యాన్ బాటలో ఐమూల దారులే లేవు. ఎనిమిది దిక్కుల కర్ర ఐమూలకు వాలినప్పుడు మలుపు తప్పి దయ్యాల చేతికి చిక్కుతాం, నేరం మాత్రం బోర్డు మీద పడుతుంది. లోపల లోహపు రేకులు ఒకదానికొకటి తగిలి పనిచేసే లీఫ్ స్విచ్చుల కొనలను ఆకురాయితో రుద్దడం కూడా తగదు. విజిటింగ్ కార్డు ముక్కను మధ్యలో ఉంచి, స్విచ్చును మూసి, కార్డును బయటకు లాగితే సరిపోతుంది.

హైదరాబాదుకు తిరిగి వెళ్లిపోతున్న ఒక కుటుంబం తమ పెట్టెను వెంట తీసుకువెళ్లాలనుకొని నన్ను అడిగిన ప్రశ్నతో మరొక అపోహ బయటపడింది. మన దేశపు కరెంటు 50 హెర్ట్‌జ్ కనుక ఆట నెమ్మదిగా నడుస్తుందని వారికి ఎవరో చెప్పారు. ఆట వేగాన్ని నిర్ణయించేది గోడలోని కరెంటు కాదు, బోర్డు మీది 18.432 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్. దానిని ఆరుతో భాగించగా వచ్చే 3.072 మెగాహెర్ట్‌జ్ వేగంతో అందులోని జెడ్ 80 ప్రాసెసరు ఎక్కడైనా ఒకేలా నడుస్తుంది. 230 వోల్టులను 120కి దించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు మాత్రం తప్పదు. 60 హెర్ట్‌జ్‌కు చేసిన పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మరు 50 హెర్ట్‌జ్ మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి, మొదటి వారం దానిని గంటకోసారి చేత్తో తడిమి చూడమని, పెట్టెను గోడకు ఆనించకుండా వెనుక జానెడు జాగా వదలమని చెప్పి పంపాను.